చాక్లెట్‌కు ఫ్రిజ్ ఒక్కటే దిక్కా?

సంపాదకులకు నమస్కారం.

గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతర పంటగా పండే కోకో గింజలతో చేసిన మేలురకం చాక్లెట్లు ఇప్పుడు మన పట్టణాల దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. గింజలను ఐదారు రోజులు పులియబెట్టి, తేమ 7 శాతానికి దిగేదాకా ఎండబెట్టి సాధించిన పరిమళం, తీరా అమ్మేచోటా ఇంట్లోనూ పాడైపోతున్న తీరు గురించే ఈ లేఖ.

చాక్లెట్‌లోని కోకో వెన్న, అంటే కోకో గింజల కొవ్వు, ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. తయారీదారులు చాక్లెట్‌ను కరిగించి, చల్లార్చి, మళ్లీ కాస్త వేడిచేసి ఐదో రకం స్ఫటికాలే నిలిచేలా చూస్తారు కనుకనే అది నిగనిగలాడుతుంది, విరిస్తే టక్కుమంటుంది. ఆ రకం కరిగేది సుమారు 34 డిగ్రీల వద్ద. మన వేసవి మధ్యాహ్నాలు దాన్ని తేలిగ్గా దాటేస్తాయి. ఎండ తగిలే అద్దాల అరలో పగలు మెత్తబడి, రాత్రి గట్టిపడిన చాక్లెట్‌పై కొవ్వు తేలి తెల్లటి పొర కడుతుంది. బూజనుకుని పారేసేవారున్నారు. అది బూజు కాదు, తింటే హానీ లేదు. కాకపోతే ఆ నునుపూ, ఆ విరుపూ ఉండవు.

అలాగని ఫ్రిజ్‌లో పడేస్తే సరిపోదు. చల్లటి చాక్లెట్‌ను తీసిన వెంటనే విప్పితే, మన ఉక్కపోత గాలిలోని తేమ దానిపై చెమ్మగా చేరి, చక్కెరను కరిగించి, ఆరాక గరుకు పొరగా మిగులుతుంది. పైగా కోకో వెన్న పరాయి వాసనలను ఇట్టే పట్టేస్తుంది. పక్క గిన్నెలో పులస పులుసు ఉంటే ఇక చెప్పనక్కర్లేదు (పులస మీద నాకు కోపమేమీ లేదు, రెండింటినీ ఒకచోట ఉంచవద్దనే మనవి).

చాక్లెట్‌కు తగిన చోటు 15 నుంచి 18 డిగ్రీల మధ్య, పొడిగా, చీకటిగా ఉండాలి. ఏసీ గది అలమారా కొంత నయం. అదీ లేనివారు రేకు కాగితంలో చుట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచాలి; తినబోయే ముందు డబ్బా మూత తీయకుండానే బయటపెట్టి, చలువ పోయాక విప్పాలి. మరీ చల్లగా తింటే రుచి నాలుకకు అందదు. నమలకుండా చిన్న ముక్కను నాలుకపై కరగనిస్తే మొదట చేదు, ఆ వెనకే పండు పులుపు తెలుస్తాయి.

తయారీదారులు ఈ నాలుగు ముక్కలను పొట్లంపై తెలుగులో అచ్చువేయాలనీ, దుకాణదారులు కనీసం వేసవి నాలుగు నెలలైనా ఈ సరుకును ఎండ పడే అరలో నుంచి తీసి చల్లటి చోట ఉంచాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, అమలాపురం