తుక్కుకు తూచే ముందు లైనక్స్ వేసి చూడండి

ఎడిటర్ గారికి,

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు అయిపోయింది. బడుల్లో, ఆఫీసుల్లో 2 జీబీ ర్యామ్‌తో నడుస్తున్న పాత డెస్క్‌టాప్‌లకు విండోస్ 11 ఎక్కదు. అలాగని వాటిని వేలం వేయనక్కర్లేదు. విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్, అందులో ఒక రకం డెబియన్. ప్రాసెసర్ 64 బిట్‌దైతే డెబియన్ 13 వేయండి, 2030 జూన్ దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. 32 బిట్ వాటికి డెబియన్ 13లో ఇన్‌స్టాలరే లేదు. క్రోమ్ కూడా 2016లోనే 32 బిట్ లైనక్స్‌ను వదిలేసింది. వాటి మీద ఆశ పెట్టుకోకపోవడమే మేలు.

రూఫస్ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు, పాత పద్ధతిలో బూటయ్యే బయోస్ మెషిన్లకు పార్టిషన్ స్కీమ్ దగ్గర ఎంబీఆర్ ఎంచుకోవాలి. జీపీటీ పెడితే బూట్ కాదు. ఇన్‌స్టాల్ మధ్యలో రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఖాళీగా వదిలేస్తే మొదటి యూజర్‌కు సుడో హక్కు, అంటే అడ్మిన్ పనులు చేసే వీలు వస్తుంది. పాస్‌వర్డ్ ఇచ్చేసి, తర్వాత సుడో పనిచేయట్లేదని తల పట్టుకునేవాళ్లు చాలామంది. అసలు బోల్తా పడేది డెస్క్‌టాప్ ఎంచుకునే చోట. అక్కడ బరువైన గ్నోమ్ డెస్క్‌టాప్‌కు ముందే టిక్ పెట్టి ఉంటుంది. చూసుకోకుండా ఎంటర్ కొడితే 2 జీబీ మెషిన్ మూలుగుతుంది, తప్పు లైనక్స్ మీదకు పోతుంది. ఆ టిక్ తీసి, తేలికైన ఎల్ఎక్స్‌క్యూటీకి పెట్టాలి.

తర్వాత జెడ్‌ర్యామ్ టూల్స్ ప్యాకేజీ వేసి, దాని సెట్టింగ్స్ ఫైల్‌లో పర్సెంట్ 50 అన్న వరుస ముందున్న హ్యాష్ గుర్తు చెరిపి, సర్వీసు రీస్టార్ట్ చేయాలి. ర్యామ్ నిండినప్పుడు డేటా హార్డ్‌డిస్క్ మీదకు పోకుండా ర్యామ్‌లోనే కుదించి ఉంటుంది. మౌస్ కూడా కదలకుండా బిగుసుకుపోయే బాధ చాలావరకు తగ్గుతుంది. ఇంత చేసినా ర్యామ్‌ను మింగేది బ్రౌజరే, మూడు నాలుగు ట్యాబ్‌లకు మించి తెరవకండి. డబ్బు పెట్టగలిగితే ముందు హార్డ్‌డిస్క్ బదులు వేగంగా పనిచేసే 120 జీబీ సాటా ఎస్ఎస్‌డీకి పెట్టండి, ర్యామ్ సంగతి తర్వాత.

తెలుగు టైపింగ్‌కు ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ చాలు. ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డ్ పద్ధతులు మూడూ అందులోనే ఉన్నాయి.

చిక్కల్లా ప్రింటర్లతోనే. హెచ్‌పీవి చాలావరకు తేలిగ్గా పనిచేస్తాయి గానీ, ఏ జిరాక్స్ సెంటర్‌లో చూసినా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900కు డ్రైవర్ ఎక్కించడం పెద్ద తలనొప్పి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పనిచేసే డీటీపీ వాళ్లు మాత్రం తొందరపడొద్దు. ఆ ఫాంట్లతో టైప్ చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌కే ఉంది. ఆ ఒక్క మెషిన్‌కు నెట్ తీసేసి, పాత విండోస్ మీదే ఉంచుకోండి.

– ఒక కంప్యూటర్ మెకానిక్, ఖమ్మం