కొండ చుట్టూ తిరగమంటున్నారు సరే, దారేదీ?

సంపాదకుడు గారికి,

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో ‘మన జిల్లాలోనే మరో అరుణాచలం’ అంటూ అర పేజీ వార్త రంగుల ఫొటోతో సహా వేశారు. కొండ పేరు నేను మళ్లీ రాయనక్కర్లేదు, మీరే పెద్దక్షరాల్లో వేశారు. ప్రతి పౌర్ణమికీ గిరి ప్రదక్షిణ, పోటెత్తిన భక్తజనం, పకడ్బందీ ఏర్పాట్లు, అధికారుల పర్యవేక్షణ... చదివి ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకోలేక రాస్తున్నాను. మీ విలేకరి ఫొటో తీసింది ఆర్చి ముందు నిలబడి. ఆర్చి దాటి కొండ వెనక్కి నాలుగడుగులు వేసి ఉంటే ఆ హెడ్డింగు పెట్టేవారు కాదు.

ఆర్చి కథ మండలంలో అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. ఎవరి హయాంలో మొదలైంది, ఎవరి చేతుల మీదుగా తెరుచుకుంది, మధ్యలో దాని రంగు ఎందుకు మారిందీ అన్నవి స్వామికే తెలియాలి.

ముందువైపు సీరియల్ బల్బులు, స్టేజీ, ఫోకస్ లైట్లు. పున్నమి చంద్రుడు వెలవెలబోయేంత వెలుగు. కొండ మలుపు తిరిగారా, ఇక చీకటే. అటు వీధి దీపం స్తంభాలు పాతి చాలా కాలమైంది, తీగ లాగడమే మిగిలింది. దారంతా కంకర తేలి ఉంటుంది, రెండు పక్కలా సర్కారు తుమ్మ. మైకులోనేమో చెప్పులు విడిచి నడిస్తేనే ఫలితం అని ఒకటే ప్రచారం. మొన్న పున్నమికి కల్వర్టు గట్టు మీద ఒక పెద్దామె కూర్చుని, తాళికి ఉన్న పిన్నీసు తీసి, మనవరాలు ఫోను లైటు పట్టుకుంటే అరికాల్లో విరిగిన ముల్లు తీసుకుంటోంది. పక్కనే మంచినీళ్ల ట్యాంకు. దాతల పేర్లు నల్ల గ్రానైటు పలక మీద బంగారు రంగు అక్షరాల్లో మెరిసిపోతున్నాయి. కుళాయి ఊడిపోయిన చోట కర్రముక్క దిగ్గొట్టి గుడ్డ చుట్టారు. మరుగుదొడ్లకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే వాచ్‌మన్ దగ్గర అన్నారు. వాచ్‌మన్ ఏడీ అంటే స్టేజీ దగ్గర కుర్చీలు వేస్తున్నాడన్నారు. ఆడవాళ్లు ఆ చీకట్లో ఎక్కడికి పోవాలో పర్యవేక్షిస్తున్న అధికారులే చెప్పాలి.

ఇక ‘మరో అరుణాచలం’ మాటకొద్దాం. నెల్లూరు, ఒంగోలు నుంచి పున్నమి వస్తే అసలు అరుణాచలానికి, అంటే తమిళనాడులోని తిరువణ్ణామలైకి, ఎంతమంది పోతున్నారో బస్టాండులో నిలబడితే తెలుస్తుంది. అక్కడ దారిలో సగం మాటలు తెలుగులోనే వినపడతాయి, హోటళ్ల బోర్డులు కూడా తెలుగులో వచ్చేశాయి. నేనూ పోయినవాణ్ణే. కొండ చుట్టూ 14 కిలోమీటర్ల దారి. ఇంద్ర లింగం దగ్గర నుంచి ఈశాన్య లింగం దాకా ఎనిమిది దిక్కులకీ ఎనిమిది లింగాలు, మధ్యలో ఆది అణ్ణామలై గుడి, రమణాశ్రమం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ ఇంత తినాలో తరతరాలుగా ఏర్పడిపోయిన దారి అది. నిండు నెలల రాణి నడిచినట్టు నింపాదిగా నడవాలని పెద్దలు చెబుతారు. మన కొండ వెనక అలా నడవబోతే టిప్పరు వచ్చి హారన్ కొడుతుంది.

అక్కడ అంతా దివ్యంగా ఉందని కాదు. ప్లాస్టిక్ చెత్త అక్కడా ఉంది, తొక్కిడీ ఉంది. 2024 డిసెంబరులో ఫెంగల్ తుఫాను వానకు ఆ కొండ చరియ విరిగి కింద ఇంటి మీద పడి ఏడుగురు చనిపోయారు. ఆ ఏడు కార్తీక దీపానికి భక్తుల్ని కొండ మీదికి ఎక్కనివ్వలేదు. భక్తుల మనసు నొచ్చుకున్నా సరే, వద్దని చెప్పే ధైర్యం అక్కడి అధికారులకు ఉంది. మనవాళ్లు పోస్టరు తెచ్చుకున్నారు గానీ ఆ ధైర్యం తెచ్చుకోలేదు.

టిప్పరు మాట వచ్చింది కాబట్టి ఆ మిగతాదీ చెప్పేస్తాను. కొండ వెనక తూర్పు వాలులో గ్రావెల్ తవ్వుకుపోతున్న సంగతి మీ పత్రికలోనే ఒకప్పుడు వచ్చింది. తర్వాత ఎందుకో రావడం మానేసింది. వాన పడితే ఆ గుంటలోకి పై నుంచి మట్టి జారుతోంది. ప్రదక్షిణ దారి ఆ గుంట అంచునే పోతుంది, అడ్డంగా ఒక కంచె అయినా లేదు. కొండ చుట్టూ తిరగమని ముందు నుంచి పిలుస్తూ వెనక నుంచి కొండనే లారీల్లో పంపించేస్తుంటే, ఇంకొన్నేళ్లకు ప్రదక్షిణ దేని చుట్టూ చేయాలి? అర్జీ ఇచ్చాం. ఏ ఆఫీసులోనో అడక్కండి. కొండ ముందు భాగం ఒక శాఖదట, వెనక భాగం ఇంకో శాఖదట, చెట్లున్న చోటు మూడో శాఖదట. కాగితం మూడు బల్లలూ తిరిగి ప్రదక్షిణ పూర్తి చేసుకుంది. ఆనక నా ఫోనుకు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజి వచ్చింది. ఎవరు పరిష్కరించారో తెలిస్తే వెళ్లి దండ వేసి వద్దును.

ఇంకో మాట. మా కొండ మీద ఉన్నది నరసింహస్వామి. మైకులో రాత్రంతా మోగేది ‘అరుణాచల శివ’. హరిహరులకు భేదం లేదని నాకు తెలియక కాదు. తిక్కన సోమయాజి భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చిన నెల్లూరు గడ్డ మీద పుట్టినవాళ్లం, ఆ పాఠం మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఇది భేదం లేదన్న జ్ఞానంతో వేసిన పాట కాదు. పెన్‌డ్రైవ్‌లో అదే ఉంది, అదే పెట్టారు.

మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఏ కొండ పద్ధతి ఆ కొండది. మాలకొండ మాల్యాద్రి స్వామి శనివారం ఒక్కరోజే దర్శనమిస్తాడు. మిగతా రోజుల్లో ఎంత పెద్దవాళ్లు వచ్చినా తలుపు తీయరు. రెండుగా చీలిన బండ మధ్య నుంచి ఒదిగి ఒదిగి పైన అమ్మవారి దగ్గరికి పోవాలి. పెంచలకోనకు వైశాఖంలో నరసింహ జయంతి వచ్చిందంటే వెలిగొండల కింద ఎంత జనమో. నరసింహకొండ మీద ఏడు గుండాలు, కింద పెన్నా, అవతలి ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ. అక్కడ గుడిలో నిద్ర చేయడం, పిల్లలు కావాలని కొడిముద్దల ప్రసాదం కోసం కొంగు పట్టడం వేరే ఆనవాయితీ. సీఎస్ పురం దగ్గర భైరవకోనలో ఒకే కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు చేశారు. కార్తీక పున్నమి రాత్రి వెన్నెల అమ్మవారి మీద పడే క్షణం కోసం జనం కళ్లు కాయలు కాచేలా కూర్చుంటారు. అక్కడ ఎవరైనా ఫోకస్ లైటు వేస్తే ఏమౌతుందో ఆలోచించండి.

గిరి ప్రదక్షిణే కావాలంటే దానికీ మన రాష్ట్రంలో పాత ఆనవాయితీలున్నాయి. సింహాచలంలో ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్లు నడుస్తారు, ఏడాదికి ఒక్కసారి. శ్రీకాళహస్తిలో కనుమ నాడు స్వామే కొండ చుట్టూ తిరిగొస్తాడు. అవి ఒక కమిటీ తీర్మానంతో పుట్టినవి కావు.

మా కొండకూ ఒక పున్నమి ఉండేది. చైత్ర పున్నమి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎద్దుల బండ్లు కట్టుకుని సాయంత్రానికి చింతతోపుకు చేరేవాళ్లు. బండ్లు విప్పి, రాళ్లపొయ్యి మీద పొంగలి పెట్టుకుని, చంద్రుడు పైకొచ్చాక మెట్లెక్కేవాళ్లు. ముత్తైదువలు మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెడుతూ ఎక్కడంతో మగవాళ్లు సగం దారిలో కూర్చుని కబుర్లలో పడేవాళ్లు. దారి పొడవునా ఇళ్లవాళ్లే బిందెల్లో పానకం, బేసిన్లలో వడపప్పు పెట్టుకుని పిలిచి ఇచ్చేవాళ్లు. పైన బండ మీదే పడుకుని తెల్లారి దిగడం. ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది, కార్లు గుడి గుమ్మం దాకా పోతున్నాయి, మెట్ల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది. చైత్ర పున్నమికి పొంగలి పెట్టే చోట పార్కింగు. పానకం స్థానంలో నీళ్ల ప్యాకెట్లు, వాటి కవర్లు మాత్రం కొండ చుట్టూ బాగా ప్రదక్షిణ చేస్తున్నాయి. ఉన్న పండగను చేజేతులా పోగొట్టుకుని పక్క రాష్ట్రం పండగను అద్దెకు తెచ్చుకోవడం ఏం సంబరమో నాకర్థం కాదు.

నడిచే భక్తుల్ని నేను తప్పు పట్టడం లేదు. అంత దూరం ఛార్జీలు పెట్టుకుని పోలేనివాళ్లు, ఇక్కడే పుణ్యం దక్కుతుందంటే నమ్మి వస్తున్నారు. వాళ్లను పిలిచినవాళ్లకే బాధ్యత ఉండాలి. 2025 మన రాష్ట్రానికి ఏం నేర్పిందో ఇంతలోనే మరిచిపోతే ఎలా? జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు. ఏప్రిల్‌లో సింహాచలం చందనోత్సవం నాడు గోడ కూలి ఏడుగురు. నవంబరు ఒకటిన కాశీబుగ్గ వెంకన్న గుడి తొక్కిసలాటలో తొమ్మిది మంది పోయారు. ప్రతిసారీ దిగ్భ్రాంతి, ఎక్స్‌గ్రేషియా, విచారణ కమిటీ. పోయిన కార్తీకంలో మా కొండ దగ్గర ఆర్చి కింద ఏం జరగబోయి తప్పిందో అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. ఒక కారుకు దారి ఇవ్వడానికి బారికేడ్లు జరపడంతో వచ్చిన తంటా అది. ఆ కారెవరిదో కూడా అందరికీ తెలుసు. అది మాత్రం మీ వార్తలో రాలేదు.

ఇప్పుడు మళ్లీ పున్నమి వస్తోంది. ఫ్లెక్సీలు అప్పుడే లేచాయి. స్వామి బొమ్మ ఒక మూల తపాలా బిళ్లంత, మిగతా అంతా నాయకుల నవ్వులు. ఫ్లెక్సీ డబ్బుతో రెండు కుళాయిలు బిగించవచ్చని కమిటీ మీటింగులో ఒకరంటే, దాతలు ఫ్లెక్సీకైతేనే ఇస్తారు గానీ కుళాయికి ఇవ్వరని సమాధానం వచ్చిందట.

నేను అడిగేది పెద్దదేం కాదు. కొండ వెనక దీపాలు వెలిగి, దారి మీద మట్టి పరిచి, గుంట దగ్గర కంచె కట్టి, టిప్పర్లు ఆగేదాకా నెలనెలా ప్రదక్షిణ ప్రచారం ఆపండి. మరుగుదొడ్ల తాళంచెవి ఒక ఆడమనిషి చేతికివ్వండి. మెట్లు శుభ్రం చేసి చైత్ర పున్నమిని మళ్లీ ఊళ్లవాళ్లకు అప్పగించండి. ఇవేవీ కుదరవంటే ఒక్కటి చేయండి. ఈ పున్నమికి పర్యవేక్షించే అధికారులు స్టేజీ దిగి, మైకులో చెప్పినట్టే చెప్పుల్లేకుండా, కొండ చుట్టూ ఒక్క చుట్టు నడిచి రమ్మనండి. మీ విలేకరిని కూడా వెంట పంపండి, ఈసారి వెనకవైపు ఫొటో తీసుకొస్తాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం

(పేరు వేయకండి. కమిటీలో మా బావమరిది ఉన్నాడు, దసరాకు మళ్లీ వాళ్లింటికే పోవాలి.)