అత్తమ్మ అడిగిన మొదటి మాటకు జవాబు చెప్పినోళ్లకు

మేం అండమాన్‌ల ఉన్న షహీద్ ద్వీప్‌కు వచ్చి ఈ నెలతోటి ఏడాది నిండింది. 2018ల పేరు మార్చిన్రు గని ఈడ ఇంక అందరు నీల్ అనే అంటరు. పోర్ట్ బ్లెయిర్ (2024ల దాని పేరు గూడ శ్రీ విజయపురం అని మార్చిన్రు) నుంచి సర్కారు బోటుల రెండు గంటల తొవ్వ. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం నుంచి ఐదుగురం ఇంత దూరం వచ్చి నిలబడ్డమంటే దాని వెనుక ఎందరో ఉన్నరు. పేర్లు రాయొద్దన్నరు కాబట్టి వరుసలు పెట్టే రాస్తున్న. ఎవరి సంగతి వాళ్లకు ఎరుకే.

బత్తాయి తోట ఎండిపోయినంక మేం రెండేండ్లు ఆగి చూసినం. బోరు మీద బోరు వేసినం, చుక్క పడలే. మా ఆయనకు కరెంటు పని వచ్చు. నీల్‌ల ఒక రిసార్టుల మనిషి కావాలంటున్నరని, అక్కడ మేస్త్రీ పని చేసే పాలమూరు అన్న ఫోన్ చేసి చెప్పిండు. ఇంట్ల అందరం జీతం గురించి, పిల్లల బడి గురించి మాట్లాడుకుంటుంటే అత్తమ్మ ఒక్కటే అడిగింది: "ఆడ నీళ్లెట్లుంటయి బిడ్డా?"

మా దిక్కోళ్లకు ఈ మాట విడమరిచి చెప్పే పని లేదు. తెల్వనోళ్ల కోసం రాస్తున్న. లీటరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటరు, దాటిన నీళ్లు ఏండ్ల కొద్ది తాగితే పండ్లు, ఎముకలు ఖరాబైతయి. మా పాత బోర్ల నీళ్లు ఆ హద్దును ఎన్నడో దాటినయి. నీళ్లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టిన్రంటే మా జిల్లా ఎంత గోస పడ్డదో అర్థం చేసుకోవాలె. కృష్ణ నీళ్లు నల్లాలకు వచ్చినంక పుట్టిన మా పిల్లల పండ్లు తెల్లగ ఉన్నయి. అత్తమ్మకు ఆ నీళ్లు ఆలస్యంగ అందినయి. ఎముకలు ఒకసారి పట్టేసినంక మళ్ల మామూలుగ కావు. ఆమె కింద కూసుంటే లేవడానికి ఇద్దరు పట్టాలె.

ఆ మాటను పాలమూరు అన్న తేలికగ తీసుకోలే. తన పక్కింట్ల ఉండే శ్రీకాకుళం అక్కకు చెప్పిండు. ఆ అక్కవాళ్లు అండమాన్‌కు వచ్చి స్థిరపడి చానా ఏండ్లయింది. మమ్మల్ని ఒక్కసారి గూడ చూడని ఆ అక్క, మేం కిరాయికి దిగబోయే ఇంటి బాయిల నీళ్లు సీసాల పట్టి, బోటెక్కి పోర్ట్ బ్లెయిర్ పోయి పరీక్ష చేయించింది. కాగితం ఫోటో తీసి వాట్సప్‌ల పంపింది. ఫ్లోరైడ్ హద్దుకు ఎంతో తక్కువ. మంచి ముచ్చట ఒక్కటి చెప్పి ఊరుకోలే అక్క. "నీళ్లల్ల సున్నం ఎక్కువమ్మా, కాచి తాగండి. ఎండాకాలం బావి అడుగంటుద్ది, వాననీళ్లు పట్టుకునే డ్రమ్ములు కొనుక్కోండి. సముద్రం బాగలేకుంటే బోట్లు నడవవు, మందులు ముందే పెట్టుకోండి" అని అన్నీ చెప్పింది. ఆ ఫోటో చూపించి చదివి వినిపిస్తే అత్తమ్మ, "ఇగ పోదాం" అన్నది. అక్కా, మా ప్రయాణం ఆ దినం మొదలైంది. నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె?

ఊర్ల హెడ్‌మాస్టర్ సారుకు దండాలు. వేరే రాష్ట్రం బడిల చేర్చాలంటే టీసీ మీద జిల్లా విద్యాధికారి సంతకం ఉండాలన్నరు. సారు సొంత బండి మీద నల్లగొండకు రెండుసార్లు తిరిగి ఆ సంతకం తెచ్చిచ్చిండు. పెట్రోలుకు పైసలియ్యబోతే కోపానికొచ్చిండు. మా రెండు బర్లను తన కొట్టంల కట్టేసుకున్న చిన్న మామకు, నెల నెల పాల పైసలు లెక్క రాసి పంపుతున్నందుకు వేయి దండాలు.

నల్లగొండల చెన్నై రైలెక్కినం. చెన్నైకి పోతే, సముద్రం బాగ లేదని ఓడ రెండు రోజులు ఆలస్యమన్నరు. సామాన్లు, పిల్లలు, నడవలేని ముసలామె. అప్పుడు మా మండలం నుంచే పోయి అక్కడ ఇడ్లీ బండి పెట్టుకున్న ఒక అన్న, వదిన మమ్మల్ని తమ ఒక్క అర్ర ఇంటికి తీస్కపోయిన్రు. మాకు మంచం ఇచ్చి వాళ్లు మిద్దె మీద పండుకున్నరు. వదినా, ఆ రెండు రాత్రులు నేను మర్వ.

ఓడ మెట్ల కాడ అత్తమ్మ ఆగిపోయింది. మోకాళ్లు వంగయి. ఎనుక నిలబడ్డ నలుగురు తమిళ పిలగాండ్లు ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టి పల్లకీ తీరు పైకెత్తుకపోయిన్రు. మూడు దినాలు ఓడల ఉన్నం, పొద్దు పొద్దున వచ్చి "పాట్టీ, సాప్టీంగళా" (అవ్వా, తిన్నవా) అని అడిగిపోయెటోళ్లు. వాళ్ల ఊరేదో గూడ అడగలేకపోయిన.

నీల్‌ల ఊర్ల పేర్లు రామ్‌నగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. ఇక్కడ ఎక్కువ మంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డోళ్ల పిల్లలు, మనుమలు. అత్తమ్మ ఆ పేర్లు విని, "రాముడు అడవికి పోతే భరతుడు ఎంబడి రాలే గదా, ఈడ అందరు ఒక్కతాననే ఉన్నరు" అని సంబురపడ్డది. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంటే మొదట్ల ఆమెకు గాబరా అయ్యేది. అప్పుడు ఎదురింటి బెంగాలీ దీదీ రోజు వచ్చి పక్కన కూసునేది. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకామె తెలుగుల చెప్తది, ఒకామె బెంగాలీల చెప్తది, గంట గడుస్తది.

వానాకాలం మా పిలగానికి జరమొచ్చి తగ్గలే. మూడు దినాలు బోట్లు బంద్. ఇక్కడి ఆసుపత్రి నర్సమ్మ డ్యూటీ అయిపోయినంక గూడ ఇంటికి పోక, రాత్రంత వాని తలకాడ ఉన్నది. నాలుగో దినం పొద్దున వాడు లేచి అన్నం అడిగిండు. అమ్మా, నీకు చేతులెత్తి మొక్కుతున్న.

ఊర్ల మా పక్కింటి పెద్దమ్మకు ఒక మాట. మేం బయలెల్లే దినం నువ్వు గోడ పట్టుకొని నిలబడి, "ఆడి నీళ్లెట్లున్నయో చెప్పి పంపు" అని అత్తమ్మతోటి అంటివి. నీ కాళ్లు గూడ ఆమె కాళ్ల లెక్కనే. దసరాకు వస్తున్నం. బాయి నీళ్లు కాచి, చల్లార్చి, నీ కోసమని అత్తమ్మ ఇప్పటికే ఒక సీసా కడిగి బోర్లించి పెట్టింది.