కలెక్టర్ గారూ, మా ఊరికి ఒక బొమ్మ పంపండి

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారమండీ. మాది బుచ్చి పక్కన ఒక పల్లె. మామూలు అర్జీ అయితే సోమవారం గ్రీవెన్సుకే తెచ్చి ఇచ్చేవాడిని. ఇది పొలం గట్టు గొడవా కాదు, పింఛనూ కాదు, గుండె ఆగి పడిపోయినవాడి ఛాతీ నొక్కడం, అదే సీపీఆర్, ప్లాస్టిక్ బొమ్మ మీద మా ఊరికి నేర్పించమని అడగడం. ఏ కౌంటర్లో ఇవ్వాలో తెలియక ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

పోయినేడు బంధువుల పెళ్లిలో రెండో బంతి లేచే వేళకు మా చిన్నాయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్లి కుళాయి దగ్గరే ఒరిగిపోయాడు. 54 ఏళ్లు. చుట్టూ మూడొందల మందిమి ఉన్నాం, అందులో ఇద్దరు టీచర్లు, ఒక ఇంజనీరు, ఎంసీఏ చదివిన నేను. ఒకరు మొహాన నీళ్లు కొట్టారు. ఒకరు గ్యాస్ అయ్యుంటుంది సోడా పట్టండి అన్నారు. ఇంకొకాయన ఫిట్స్ అనుకుని తాళాలగుత్తి చేతిలో పెట్టి పిడికిలి మూశాడు, ఆ తాళాలు నా బండివే. అంతలో చిన్నాయన గురక పెట్టినట్టు ఒక శబ్దం చేశాడు, కాసేపాగి ఇంకోసారి. "ఏం కాలా, ఊపిరి ఆడతా ఉంది, జరగండి గాలి రానీండి" అన్నది నేనే. అందరం తెరిపిన పడి విసనకర్ర కోసం వెతికాం.

108 వాళ్లను తప్పు పట్టను, వేగంగానే వచ్చారు. వచ్చినాయన మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసి, మారుమాట లేకుండా మోకాళ్ల మీద కూర్చుని ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. ఆస్పత్రిలో దించేసరికే అయిపోయిందన్నారు.

ఆ గురక ఊపిరి కాదని తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పారు. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామందిలో అలాంటి ఎగశ్వాస వస్తుందట, పిలిస్తే పలక్కుండా అలా శబ్దం చేస్తుంటే ఊపిరి లేనట్టే లెక్క, అప్పుడే నొక్కడం మొదలుపెట్టాలట. నాలుగైదు నిమిషాలు రక్తం అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎవరూ నొక్కకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తగ్గిపోతుంది. నొక్కి ఉంటే చిన్నాయన బతికేవాడని అననండీ, నొక్కినా అందరూ బతకరు. కానీ మేం ఆ నిమిషాలన్నీ విసనకర్ర వెతకడంలో పోగొట్టాం.

ఆత్మకూరు ఎమ్మెల్యే, అప్పటి మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి గారు 2022 ఫిబ్రవరి 21న గుండెపోటుతో పోయినప్పుడు ఆయనకు 50 ఏళ్లే. మా ఊరి టీ అంగడి దగ్గర నెల రోజులు జిమ్ముల గురించీ, గుండె పరీక్షల గురించీ తెగ మాట్లాడుకున్నాం. పక్కన మనిషి పడితే మనమేం చేయాలన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. ఆయన పేరు పెట్టిన సంగం బ్యారేజీ మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఇంతా చేస్తే ఇది బ్రహ్మవిద్య కాదు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో చెయ్యి మీద చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా రెండంగుళాలు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం, ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వడం. రొయ్యల గుంట దగ్గర కరెంటు కొట్టినవాడైతే ముందు స్విచ్ ఆపాలి. మైపాడు సముద్రంలో మునిగినవాడైతే నోటితో ఊపిరి కూడా అందించాలి. రాస్తే ఇంతే. రెండంగుళాలంటే ఎంత బలం పెట్టాలో మాత్రం వీడియో చూస్తే తెలియదు. నేనూ పది వీడియోలు చూశాక ఒకచోట ప్లాస్టిక్ బొమ్మ మీద నొక్కాను, నిమిషం తిరక్కుండానే చెమటలు పట్టాయి, నేర్పేవాడు "అన్నా, మీరు ఇంకా పైపైనే నొక్కుతున్నారు" అన్నాడు.

మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నానంటే జిల్లా రెడ్‌క్రాస్‌కు అధ్యక్షులు కూడా మీరే. కండక్టర్ లైసెన్సుకు ప్రథమ చికిత్స సర్టిఫికెట్ అడుగుతారు, డ్రైవింగ్ స్కూలు సిలబస్‌లోనూ ఆ పాఠం ఉంది. కాగితం ఉంటే సరిపోదు కదండీ, చెయ్యి తిరగాలి. ఏడాదికోసారైనా బస్సు డిపోల్లో వాళ్ల చేత బొమ్మ మీద నొక్కించండి. డ్వాక్రా సంఘాల సమావేశాల్లో ఒక గంట ఇప్పించండి. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర లక్షల మంది చేరతారు, ఆరోగ్య రొట్టె పట్టుకునే చోటే ఒక బల్ల, రెండు బొమ్మలు పెట్టించండి. రొట్టె కోసం వచ్చినవాళ్లు వాటి దగ్గరా ఆగుతారు, మన జనం సంగతి మీకు తెలియంది కాదు.

పోలీసు కేసు భయం కూడా ఉంది. హైవే మీద యాక్సిడెంట్ జరిగితే "మనకెందుకురా" అని బండి ఆపకుండా పోయేది అందుకే. మంచి మనసుతో సాయం చేసినవాడి మీద కేసు ఉండదని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే చేర్చారు. ఆ సంగతి టోల్‌గేట్ల దగ్గర పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయిస్తే బాగుంటుంది.

మా ఊరి బడి ఆదివారాలు ఖాళీగానే ఉంటుంది. ఒక బొమ్మ, నేర్పే మనిషి ఒకరు చాలు, నలభై మందిని పోగేసే పూచీ నాది. మా చిన్నమ్మ కూడా వస్తానంది. మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేదు, అయినా ముందు తన చేతే నొక్కించమంటోంది.

ఇట్లు,
బుచ్చి పక్క పల్లె నుంచి మీ జిల్లా మనిషి