కత్తివేటు తర్వాత ఏం జరుగుతుందో కూడా చూపించాలి

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల విడుదలైన ఒక గ్యాంగ్‌స్టర్ చిత్రంపై మన జిల్లా ప్రేక్షకుల అభిప్రాయాలను మీ పత్రిక జిల్లా అనుబంధంలో ప్రచురించారు. కథానాయకుడి నటన, నేపథ్య సంగీతం, విరామానికి ముందు వచ్చే పోరాటం గొప్పగా ఉన్నాయని యువకులు మెచ్చుకున్నారు. ఇంటిల్లిపాదీ కలిసి చూడలేకపోయామని ఇద్దరు ముగ్గురు తల్లులు బాధపడ్డారు. ఇటువంటి చిత్రాలను నిషేధించాలని ఒక పెద్దాయన కోరితే, నచ్చనివారు చూడకుండా ఉంటే సరిపోతుంది కదా అని మరొకరు అన్నారు. వీటిలో దేనినీ నేను తేలికగా తీసుకోవడం లేదు. అయితే అందరి మాటా నెత్తురు ఎక్కువైందా, సరిపోయిందా అన్న దగ్గరే ఆగిపోయింది. ఆ నెత్తురు ఎవరిదన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. నేను నెల్లూరులో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 31 సంవత్సరాలు స్టాఫ్ నర్సుగా పనిచేసి, అందులో ఎక్కువ కాలం క్యాజువాలిటీలో (అత్యవసర విభాగంలో) గడిపి పదవీ విరమణ చేశాను. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది ఆ ఒక్క చిత్రానికే సంబంధించిన విషయం కాదు కనుక దాని పేరు రాయడం లేదు.

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా మనవడు నన్ను ఆ సినిమాకు తీసుకెళ్లాడు. బాగా తీసిన సినిమా అని ఒప్పుకోకపోతే అన్యాయమవుతుంది. రాత్రిపూట ఓడరేవులో తీసిన దృశ్యాలు, ముఠా నాయకుడి తమ్ముడిగా వేసిన కుర్రవాడి కళ్లలోని భయం నాకింకా గుర్తున్నాయి. కానీ రెండున్నర గంటల్లో ఎంతమంది చనిపోయారో లెక్కపెట్టడం నావల్ల కాలేదు. వారిలో ఒక్క కథానాయకుడి అన్న కోసం మాత్రమే తెరమీద ఎవరో ఏడ్చారు. మిగిలినవారు వేటు పడగానే పక్కకు ఒరిగి కనిపించకుండా పోయారు. వాళ్లకు పేర్లు లేవు, ఇళ్లు లేవు, వాళ్లు ఎప్పటికి ఇంటికొస్తారోనని ఎదురుచూసేవాళ్లు లేరు. తిరిగి వస్తుంటే ఆటోలో మా మనవడు, "అమ్మమ్మా, కడుపులో కత్తి దిగినవాడు నిజంగా అట్లా లేచి కొట్లాడగలడా?" అని అడిగాడు. ఆటో మోతలో వాడికి సరిగా చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇక్కడ రాస్తున్నాను.

కడుపులో కత్తి దిగిన మనిషిని ఆసుపత్రికి తెచ్చేసరికి పైకి కనిపించే గాయం ఒక్కోసారి రెండు అంగుళాలు కూడా ఉండదు, నెత్తురంతా లోపలే నిండుతూ ఉంటుంది. మనిషి పాలిపోతాడు, ఒళ్లు చల్లబడుతుంది, చెమటలు పడతాయి, నాడి వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పడిపోతుంది. దాహం, దాహం అంటాడు. ఆపరేషన్ చేయాల్సి ఉంటుంది కాబట్టి నోట్లో నీళ్లు పోయడానికి వీల్లేదు. ఒక్క గుక్క పోయనివ్వమని వాళ్లమ్మ మా చేతులు పట్టుకుంటుంది, మేము వద్దంటాము. ఆ పక్కనే ఒకరు బట్టలు కత్తిరించి తీస్తుంటారు, ఒకరు రెండు చేతులకూ సెలైన్ పెడుతుంటారు, ఒకరు మెడికో లీగల్ కేసుగా రిజిస్టరులో రాసి పోలీసులకు తెలియజేస్తుంటారు. ప్రాణం నిలిచేలా లేదని డాక్టరుగారు అంటే మరణ వాంగ్మూలం కోసం మేజిస్ట్రేటుగారికి కబురు వెళ్తుంది. పేగు తెగినవారికి లోపలి మలినం కడుపంతా పాకి చీము పడుతుంది. వారిలో కొందరికి పేగును పొట్టమీదికి తెచ్చి మలం పడే సంచీ తగిలించి పంపిస్తారు. ఆ సంచీతో నెలల తరబడి బతికిన ముప్పై ఏళ్ల మనిషి ఒకరు నాకు గుర్తున్నాడు. ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకొనేవాడు, కన్నపిల్లలను కూడా వార్డులోకి రానిచ్చేవాడు కాదు.

తలమీద ఇనుపరాడ్డు దెబ్బ తిన్నవాడు సినిమాలో కాసేపు పడుకొని లేస్తాడు. మా దగ్గరకు వచ్చినవారిలో కొందరు లేవలేదు, లేచినవారిలో కొందరు భార్య పేరు మరిచిపోయారు. వేటకొడవలిని ఉత్తచేత్తో ఆపబోయిన ఒక వ్యవసాయ కూలీకి వేళ్లను ముడిచే స్నాయువులన్నీ (టెండాన్లు) తెగిపోయాయి. కుట్లు వేశారు, గాయం మానింది, పిడికిలి మాత్రం మళ్లీ బిగియలేదు. వరికోతల కాలంలో ఆయన భార్య ఒక్కతే కోతకు పోయేదని, ఆయన ఇంటి దగ్గర బిడ్డను చూసుకొనేవాడని తర్వాత కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు చెప్పుకొన్నాడు.

ఇక నెత్తురు సంగతి. పెద్దవారి ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్లు. అందులో 2 లీటర్లు పోయి, వెంటనే ఎక్కించకపోతే మనిషి దక్కడం కష్టం. మన దగ్గర ఒక దాత ఒకసారి సాధారణంగా ఇచ్చేది 350 మిల్లీలీటర్లు, అంటే ఒక్క మనిషి పోగొట్టుకున్న 2 లీటర్లను పూడ్చడానికే ఆరుగురు దాతలు కావాలి. ఒకసారి ఇచ్చిన మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి. ఉదయగిరి వైపు పల్లెనుంచి తమ్ముణ్ని తీసుకొచ్చిన ఒక అన్న, తన నెత్తురు ఇచ్చేసి, మిగిలిన దాతల కోసం అర్ధరాత్రి బస్టాండు దగ్గర ఆటోవాళ్లను బతిమాలడానికి వెళ్లి, ముగ్గురిని వెంటబెట్టుకొని తెల్లవారుజామున వచ్చాడు. అప్పటికే మేము ఆ తమ్ముడి మంచం చుట్టూ తెర లాగేశాము. పది నిమిషాల పోరాట దృశ్యంలో తెర ఎర్రబారినప్పుడు హాల్లో ఈలలు మోగుతుంటే నాకు ఆ అన్న ముఖమే కనిపించింది. ఈల వేసిన కుర్రవాళ్ల మీద నాకు కోపం లేదు. సినిమా వాళ్లకు చూపించింది వేటును మాత్రమే.

సినిమా ఆసుపత్రి గురించి తీసే డాక్యుమెంటరీ కాదని, ఇవన్నీ పెడితే కథ ఎక్కడ నడుస్తుందని ఎవరైనా అడగవచ్చు. దానికి సమాధానం మన నెల్లూరులోనే ఉంది. 13వ శతాబ్దంలో ఇక్కడ మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. ఘోరమైన హింస ఉన్న యుద్ధపర్వాలన్నీ ఆయన చేతిమీదుగా వచ్చినవే. భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగిన కథను మన తాత ముత్తాతలు చిన్నపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకొనే విన్నారు. అయితే భారతం అక్కడితో అయిపోలేదు. యుద్ధం ముగిశాక స్త్రీపర్వం ఉంది. వ్యాసుడి దయవల్ల దివ్యదృష్టి కలిగిన గాంధారి యుద్ధభూమిలో పడివున్న ఒక్కొక్కరినీ పేరుపేరునా చూపిస్తుంది, ఒక్కొక్కరి పక్కన ఏడుస్తున్న ఆడదాన్ని చూపిస్తుంది. భూరిశ్రవుడి భార్య తెగిపడిన భర్త చేతిని ఒడిలో పెట్టుకొని విలపిస్తుంది. అభిమన్యుడు శత్రుపక్షం వాడైనా అతని శవం దగ్గర ఉత్తర పడే బాధను కృష్ణుడికి చూపించింది నూరుగురు కొడుకులను పోగొట్టుకొన్న ఆ గాంధారే. మన గ్యాంగ్‌స్టర్ చిత్రాలలో యుద్ధపర్వాలు ఉంటున్నాయి, స్త్రీపర్వం ఉండటం లేదు. అందుకు పెద్ద నిడివి కూడా అక్కర్లేదు. ఒంటి చెప్పుతో మా దగ్గరకు తెచ్చిన ఒక మనిషి చనిపోయాక, అతని భార్య మమ్మల్ని అడిగిన మొదటి మాట, రెండో చెప్పు ఏమైందని. మొన్ననే కొనుక్కున్నాడమ్మా అంది. దాన్ని తెరమీద చూపించడానికి అర నిమిషం చాలు.

సినిమాలు చూసి ఎవరూ చెడిపోరని ఒక పాఠకుడు రాశారు. ఆయన మాటలో కొంత నిజముంది. నా ఉద్యోగకాలంలో కత్తిపోట్లతో వచ్చినవారి వెనుక పొలం గట్లు, అప్పులు, తాగుడు, అనుమానాలు ఉండేవి. సినిమా చూసి పొడిచారని ఎవరూ నాతో చెప్పలేదు. కనుక ఆ నింద సినిమాల మీద వేయను. కానీ కథకు మనిషిని కదిలించే బలమే లేదంటే మాత్రం మన జిల్లా వాళ్లం ఒప్పుకోలేము. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు తమ వాచకంలో సారా వల్ల బాధలు పడిన సీతమ్మ అనే పల్లె ఆడదాని కథ చదివి, అది తమ కథే అనుకొని, సారా దుకాణాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి మళ్లీ వాచకంలో పాఠమై ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అప్పుడు క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు చేసిన నాకు ఆ కథ ఎంత పని చేసిందో బాగా తెలుసు. కొద్ది పేజీల పాఠానికే అంత బలం ఉంటే, కోట్ల రూపాయలు పెట్టి, పెద్ద తెరమీద, చెవులు హోరెత్తే సంగీతంతో చెప్పే కథకు బలం లేదని దర్శకులు కూడా అనుకోరు.

అలాగని నిషేధం కోరడం లేదు. నేర ప్రపంచం ఉన్నప్పుడు దాని కథలూ ఉంటాయి, ఉండాలి కూడా. సినిమాల ధ్రువీకరణకు కేంద్ర ప్రభుత్వం 1991లో ఇచ్చిన మార్గదర్శకాలలో హింస వంటి సంఘవ్యతిరేక చర్యలను గొప్పగా చూపడం, సమర్థించడం కూడదని ఉంది, అనవసరమైన క్రూరత్వం ఉండకూడదని ఉంది, చిత్రాన్ని మొత్తంగా చూసి దాని ప్రభావాన్ని అంచనా వేయాలనీ ఉంది. ఈ చివరి మాట నాకు చాలా ముఖ్యంగా తోచింది. నాలుగు షాట్లు కత్తిరించి, రెండు చోట్ల నెత్తురు రంగు తగ్గించినంత మాత్రాన చిత్రం మొత్తంగా చెప్పే మాట మారదు.

ఇంతకంటే ముందు వెంటనే జరగవలసిన పని ఒకటుంది. మేము చూసిన చిత్రానికి 'ఎ' సర్టిఫికెట్ ఉంది, అంటే 18 ఏళ్లు నిండినవారు మాత్రమే చూడాలి. మా ముందు వరుసలో ఏడెనిమిదేళ్ల పిల్లవాడు తండ్రి పక్కన కూర్చున్నాడు. మొదటి అరగంట నవ్వుతూ చూశాడు, ఆ తర్వాత తండ్రి చొక్కాలో ముఖం దాచుకొన్నాడు, విరామం తర్వాత నిద్రపోయాడు. గేటు దగ్గర ఎవరూ వారిని ఆపలేదు. నేను వెళ్లి చెబితే, తల్లిదండ్రులే తీసుకొస్తుంటే మేమేం చేస్తామమ్మా అని అక్కడి ఉద్యోగి నిస్సహాయంగా అన్నాడు. ఆ తండ్రిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. రోజంతా పనిచేసి వచ్చి, బిడ్డను ఎవరి దగ్గర వదలాలో తెలియక వెంట తెచ్చుకొని ఉంటాడు. కానీ 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం పెద్దలకు మాత్రమే అనుమతించిన చిత్రాన్ని పిల్లలకు చూపించకూడదు. 2023లో ఆ చట్టాన్ని సవరించి, యు/ఎ చిత్రాలను (పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడదగినవి) 7, 13, 16 ఏళ్లు దాటినవారికి అని మూడుగా విభజించారు. ఈ విభజన చేసిన సంగతి మా వీధిలో పదిమందిని అడిగితే ఒక్కరికీ తెలియదు. ఓటీటీ వేదికలకు కూడా 2021 నుంచి ఇలాంటి వయసు గుర్తులే ఉన్నాయి. పిల్లలు చూడకుండా తాళం వేసే సదుపాయమూ ఉంది, దానిని వాడుకొనే ఇల్లు మాత్రం నాకింకా కనిపించలేదు.

కనుక మీకు రెండు విన్నపాలు. మీ పత్రికలో థియేటర్లు, ఆటల సమయాలు వేసే చోట ప్రతి చిత్రం పేరు పక్కన దాని సర్టిఫికెట్‌ను, వయసును కూడా స్పష్టమైన అంకెల్లో అచ్చువేయండి. టికెట్టు కొనకముందే ఆ అంకె కళ్లబడితే బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లే తల్లిదండ్రులు కొందరైనా ఉంటారు. రెండోది, ఇకమీదట ఇటువంటి చిత్రాలపై ప్రేక్షకుల అభిప్రాయాలు సేకరించేటప్పుడు నటన ఎలా ఉంది, పోరాటాలు ఎలా ఉన్నాయన్న ప్రశ్నలతో పాటు, ఇందులో చనిపోయినవారిలో మీకు ఎవరు గుర్తున్నారని కూడా అడగమని మీ విలేకరులకు చెప్పండి. మా మనవణ్ని అడిగితే చాలాసేపు ఆలోచించి, రేవులో లాంతరు పట్టుకొన్న ముసలాయన అని చెప్పాడు. ఆయనకు సినిమాలో పేరు లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
నెల్లూరు