ఈసారి జీడిపూత తేనె ఆలస్యం, తక్కువ కూడా

మా దగ్గర తేనె తీసుకునే వాళ్లందరికీ నమస్కారం. గుణుపురం, పర్లాకిమిడి, పార్వతీపురం నుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి. శివరాత్రి వెళ్లిపోయింది, జీడిపూత తేనె ఇంకా రాలేదేమని అడుగుతున్నారు. ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటి తీత ఉగాది దాటాకే. అది కూడా పోయినేటి కంటే తక్కువే. మా పెట్టెల్లో దాదాపు సగం పట్లు చీలిపోయాయి.

తేనెటీగలకు జబ్బు చేసిందా, తోటల్లో కొట్టిన మందు తగిలిందా అని కొందరు కంగారు పడుతున్నారు. అలాంటిదేమీ లేదు. పట్టు చీలడమంటే ఒక సంసారం రెండు కావడమే. మాఘంలో ఎండ కాస్త ముదిరి మునగ, మామిడి, జీడి పూస్తే పుప్పొడి దండిగా దొరుకుతుంది. పుప్పొడి వచ్చే కొద్దీ రాణి గుడ్లు ఎక్కువ పెడుతుంది. సుమారు మూడు వారాలకు ఆ గుడ్లు ఈగలై బయటికొస్తాయి, పెట్టె కిక్కిరిసిపోతుంది. అంత గుంపులో రాణి వాసన అందరికీ సరిగా అందదు. అప్పుడు పట్టు కింది అంచున వేలాడేలా, మిగతా గదుల కంటే బాగా పెద్దగా రాణి గదులు, అంటే కొత్త రాణులు పెరిగే గదులు కడతాయి. వాటికి మూత పడే రోజుల్లోనే పాత రాణి సగానికి పైగా ఈగలను వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది. పోయే ముందు ప్రతి ఈగా కడుపు నిండా తేనె నింపుకుంటుంది. మీకు రావలసిన తేనెలో కొంత అలా పోయింది.

చీలడం ఏటా ఉండేదే. ఈసారి వాతావరణం వల్ల అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. సంక్రాంతి తర్వాత కూడా ఇక్కడ కొండల మీద మంచు, చలి వదల్లేదు. పెట్టెలో ఈగ పిల్లలున్న చోట ఈగలు 34, 35 డిగ్రీల వేడి నిలబెట్టాలి. చలి ఎక్కువైతే రెక్కల కండరాలు ఆడించి వేడి పుట్టిస్తాయి, దానికి తిండి దాచిన తేనే. ఆ తర్వాత ఉన్నట్టుండి ఎండలు కాశాయి, పట్లు గబగబా పెరిగాయి. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. ఈగలు మేతకు పోలేక లోపలే ఇరుక్కున్నాయి. జీడిపూతలో తేనె వానకు కడుక్కుపోయింది. లోపల రాణి గదులు మాత్రం వాటి లెక్కన అవి ఎదుగుతూనే ఉన్నాయి. మబ్బు విడి ఎండ రాగానే ఒక పెట్టె వెనక ఒక పెట్టె లేచిపోయాయి.

పాత రాణి వెళ్లిపోగా మిగిలిన పట్ల గురించే నాకు ఎక్కువ టెన్షన్. కొత్త రాణి పోతుటీగలతో, అంటే మగ ఈగలతో కలవాలంటే బయటికి ఎగరాలి. అందుకు వెచ్చటి ఎండ ఉండాలి, గాలి ఉండకూడదు. ఆ రోజులు దొరక్కపోతే ఆ రాణి పెట్టే గుడ్లలోంచి పోతుటీగలు తప్ప వేరేవి రావు, ఆ పట్టు క్రమంగా ఖాళీ అయిపోతుంది. అదృష్టం కొద్దీ ఇప్పుడు ఎండలు నిలకడగా ఉన్నాయి, కొన్ని పెట్టెల్లో గుడ్లు కనిపించాయి.

చీలకుండా ఉన్న బలమైన పట్లను మేమే రెండేసి చేశాం. పట్లు చీలకుండా ఉండాలంటే కనిపించిన రాణి గదినల్లా గిల్లెయ్యమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. పాత రాణి అప్పటికే వెళ్లిపోయి ఉంటే ఆ పట్టుకు దిక్కే ఉండదు, అందుకని నేను ఒప్పుకోలేదు. ఇటలీ ఈగలు పెడితే ఈ బాధ తగ్గుతుందన్న మాటలో కొంత నిజముంది, మన నాటు ఈగలకు లేచిపోయే గుణం ఎక్కువే. అయినా ఈ కొండల అంచున, చిన్న చిన్న పూతల మీద బతకగలిగేది నాటు ఈగేనని నా నమ్మకం. వీటిని మార్చను.

ఇప్పుడు బలహీనంగా ఉన్న పట్లకు చక్కెర పాకం పెడుతున్నాం. ఆ పెట్టెల నుంచి ఈ తీతకు తేనె తియ్యం. ఈగలు మూత వెయ్యని గదుల తేనె కూడా తియ్యం, అది పలచగా ఉండి పులుస్తుంది. తేనెలో తేమ 20 శాతం దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. బయట కొన్న తేనె మా సీసాల్లో పొయ్యం. ధర పెంచడం లేదు.

ఒక్క మాట. మీ పెరట్లో కొమ్మకు ఈగల గుంపు వేలాడుతుంటే దయచేసి మంట పెట్టొద్దు, మందు కొట్టొద్దు. కాపాడుకోవడానికి ఇల్లూ పిల్లలూ లేని గుంపు అది, కదపకపోతే సాధారణంగా కుట్టదు. కొత్త చోటు వెతికే ఈగలు కబురు తెచ్చేదాకానే అక్కడ ఉంటుంది. కొన్ని గంటల్లో పోవచ్చు, ఒకటి రెండు రోజులూ పట్టొచ్చు. పిల్లల్ని దూరంగా ఉంచి మాకు ఫోన్ చెయ్యండి, వచ్చి పెట్టెలోకి ఎక్కించుకుంటాం.

అడ్వాన్స్ ఇచ్చిన వాళ్లకు వరుస ప్రకారమే సీసాలు వస్తాయి. ఆగలేని వాళ్లు చెప్పండి, డబ్బు వెంటనే వెనక్కిస్తాను. ఆగే వాళ్లకు జీడిపూతది అందకపోతే కానుగపూత తేనె ఇస్తాను. అది రుచిలో, రంగులో వేరుగా ఉంటుంది కాబట్టి ముందే అడిగి, మీరు సరేనంటేనే పంపుతాను.