కరపత్రంలో ప్రశ్నలేవి?

సంపాదకునికి,

బడ్జెట్ సమావేశాలకు ముందు మా ఎమ్మెల్యే గారు తమ ప్రాధాన్యాలతో ఇంటింటికీ కరపత్రం పంచారు. సంతోషం, ఇదివరకు ఆ మాత్రం చెప్పినవారూ లేరు. రోడ్లు, కాలువ పూడికతీత, ఆసుపత్రి అన్నీ ఉన్నాయి, ఫొటోలైతే నాలుగు. సభలో ఏ ప్రశ్నకు నోటీసు ఇచ్చారో మాత్రం లేదు.

నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలతో నిలదీయవచ్చు. గుర్తు లేనిదైతే రాతపూర్వక సమాధానమే. రెండు సమావేశాల మధ్య 6 నెలలు దాటకూడదని రాజ్యాంగం 174వ అధికరణ చెబుతుంది గానీ, సభ ఎన్ని రోజులు నడవాలో చెప్పదు. 119 మంది ఉన్న తెలంగాణ సభలో మాట్లాడే వంతు దొరకడమే గగనం. కాబట్టి వచ్చే కరపత్రంలో ఒక ఫొటో తగ్గించి, వేసిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు అచ్చువేయమని మనవి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు